బొగ్గుకున్న ఎరుక

భూపాలపల్లిల బొగ్గుకు ప్రాణమున్నది. బండకు ప్రాణమున్నది. వెంకట్రాం కారు ముంగట యాలాడదీసిన నిమ్మకాయకు సుత ప్రాణమున్నది. లేనిది ఒక్క దేవ్యాకే.

గిది నేను కల్పించిన మాట కాదు. వెంకట్రామే ఫంక్షన్ హాల్ల మైకు పట్టుకొని చెప్పిండు. ఓపెన్ కాస్టు గనిల బొగ్గు మీదున్న మట్టిని తోడి అవతల పోసే కాంట్రాక్టు ఆయనది. పాలకుర్తి దిక్కు భూములున్న ఇల్లు. ముందుగాల వడ్లు అమ్మిండ్రు, తర్వాత మట్టి అమ్మిండ్రు, ఇప్పుడు ఆత్మ దాకా వచ్చిండ్రు. సదస్సు పేరు ‘విజ్ఞానం నుంచి విశ్వచైతన్యానికి’. స్టేజీ మీద సగం సూట్లు, సగం కాషాయాలు. కుర్చీలు ఖాళీగుంటే చైతన్యానికి మర్యాద కాదని మొదటి షిఫ్టు కాంట్రాక్టు కూలీలందర్ని లారీలల్ల తోలుకొచ్చి కూసోబెట్టిండ్రు. నేను వాళ్ళ యూనియన్ మనిషిని. వాళ్ళెంబడి నేనూ పోయిన.

వెంకట్రాం పళ్ళెంలకెల్లి ఒక బొగ్గుపెళ్ళ ఎత్తిండు. దానికి పసుపు, కుంకుమ.

"దీన్ని సైన్సోళ్ళు జడపదార్థం అంటరు. కండ్లు మూసుకొని పట్టుకోండ్రి, దీంట్ల చైతన్యం కొట్టుకుంటది. అణువణువుల చైతన్యమే. సైన్సు ఇప్పుడిప్పుడే కండ్లు తెరుస్తున్నది. మన పెద్దలు ఎన్నడో తెరిచిండ్రు."

చప్పట్లు.

నా పక్కన కూసున్న డంపర్ డ్రైవర్ జైసింగ్ చెవుల గొణిగిండు: "అన్నా, బొగ్గుకు గంత ఎరుకుంటే దానికి గూడ పీఎఫ్ కట్టుమను."

"మనకే కడ్తలేడు, బొగ్గుకు కడ్తడా?" అన్న.

జైసింగ్ నవ్వలే. ఎందుకంటే దేవ్యా వాని తండా పిల్లగాడు. ఈడ బొగ్గు కండ్లు తెరుస్తుంటే, ఆడ మానుకోటల ఒక ప్రైవేటు దవాఖాన మంచం మీద దేవ్యా కండ్లు తెరిచే పండుకొని ఉన్నడు. మానుకోట అంటే మహబూబాబాదే. దేవ్యా తండా నెల్లికుదురు పక్కన. "మీ ఇంటి దగ్గర్నే ఉంటడు కదా అవ్వా" అని వెంకట్రాం వాన్ని వరంగల్ పెద్ద దవాఖాన నుంచి ఈడికి మార్పించిండు. ఎంత దయ! ఈ దవాఖానల మంచం అగ్గువ అన్న ముచ్చట మాత్రం చెప్పలే.

దేవ్యా పని డంపర్లు వెనకకొచ్చేటప్పుడు జెండా ఊపుడు. ఊపుకుంట నిలబడ్డోని మీద పైకెల్లి పెళ్ళ ఇరిగి పడ్డది. తలకు హెల్మెట్ ఉన్నదని కంపెనీ కాయితంల ఉన్నది. పెళ్ళకు సదువు రాదు, కాయితం చూడకుంటనే పడ్డది. అప్పటిసంది వానికి ఊపిరున్నది, నాడి ఉన్నది, కండ్లు తెరుస్తడు, మూస్తడు. పిలిస్తే పలుకడు. ముక్కుల పైపు ఏసి గంజి పోస్తరు.

గేటు కాడ ధర్నా చేసినం. మూడు షిఫ్టులు మట్టి కదలనియ్యలే. అప్పుడు దిగొచ్చి వెంకట్రాం ఒప్పందం రాసిండు: దేవ్యాకు ఎరుక లేదని ముగ్గురు మనుషుల కమిటీ ఒక్కమాట మీద తేల్చేదాకా మంచం, మందులు, కాళ్ళు చేతులు ఆడించే డాక్టరు, అన్నీ ఆయనే పెట్టుకోవాలె. ఎరుక లేదని తేలిందా, ఏదో ఇంత చేతుల పెట్టి తండాకు తోలుడే. తండాకు తోలుడంటే ఏందో అందరికెరుకే. ముక్కు పైపు మార్చేటోడు ఉండడు. ఎండకాలం రేకుల ఇల్లు. వీపు పుండ్లు పడి, పురుగు పట్టి, వానాకాలం దాకా సుత ఆగడు.

కమిటీల ఒకరు దవాఖాన డాక్టరు విక్రమ్. ఒకరు వెంకట్రామే. మూడోమనిషి మా దిక్కు నుంచి, సైన్సు తెలిసినోడు. నాకు తెలిసిన సైన్సు అంతా ఒక్క మనిషి దగ్గర్నే నేర్చుకున్న. జనగామ జగపతి సారు.

సారు ఫిజిక్సు లెక్చరర్ చేసి దిగిపోయిండు. బల్లికి భయపడేటోళ్ళకు, బాబాకు మొక్కేటోళ్ళకు, గ్రహణం నాడు అన్నం పారబోసేటోళ్ళకు జిల్లా మొత్తం మీద ఆయనే మందు. నిప్పుల మీద నడిచి చూపెట్టేటోడు. నేను ఎనిమిదో తరగతి గడప దాటనోన్ని. సారు ఇంటి వెనక అర్రల కూసోబెట్టి చెప్పిండు: పదార్థం ముందు, చైతన్యం తర్వాత. ఆత్మ ఎటు పోతది సారూ అంటే, "రైస్ మిల్లు బందయినంక చప్పుడు యాడికి బోయిందని అడుగుతవారా?" అన్నడు. ఆ ఒక్క మాటతోని నాకు సగం భయాలు పోయినై. ఇప్పటికీ మీటింగులల్ల గదే చెప్త.

గట్లాంటి మనిషిని కమిటీల ఏపిచ్చిన. వెంకట్రాం నవ్వుకుంట అట్లనే కానియ్యమన్నడు. ఎందుకు నవ్విండో అప్పుడు నాకు సమజు కాలే.

సారు మొదటిసారి ఒక్కడే వచ్చి చూసిండు. కండ్లల్ల బ్యాటరీ కొట్టిండు. గోరు మీద పెన్ను పెట్టి ఒత్తిండు. పేరు పెట్టి పిలిచిండు. మంచం పక్కన దేవ్యా తల్లి సుక్కి కూసోనున్నది. ఆమె కొడుకును ఆ పక్కకు ఈ పక్కకు పొర్లిస్తది, వీపు తుడుస్తది, తండాల ఎవల మేక ఈనిందో చెప్పుకుంట కూసుంటది. పొద్దుమాపు గదే పని.

బయటకొచ్చి సారు అన్నడు: "మిల్లు బందయిందిరా."

"సారూ!"

"చప్పుడు లేదు. నేనేం చేయాలె?"

"సారూ, మీరు మనోళ్ళు. మీరు గట్ల రాస్తే వాడు సస్తడు."

"సైన్సుకు మనోళ్ళు పరాయోళ్ళు ఉండరు. బాబాలు అబద్ధమాడితే తప్పు, మనం ఆడితే ఒప్పా?"

నా కత్తితోని నన్నే కోసిండు. బొగ్గుల చైతన్యమున్నదనేటోడు దేవ్యాల లేదంటడు. ఆత్మే లేదనేటోడు దేవ్యాల ఏమీ లేదంటడు. జీవితమంత కొట్లాడుకున్న ఇద్దరు దేవ్యా మంచం కాడ ఒక్కటైండ్రు. సర్వమత సమ్మేళనం అంటే గిదే కావచ్చు.

కమిటీ సంతకాల దినం రానే వచ్చింది. పొద్దుగాల నేను, జైసింగ్ దవాఖానకు పోయినం. సుక్కి మంచం పక్కన్నే ఉన్నది. కొద్దిసేపటికి తలుపు కాడ మూట దబ్బున పడ్డ చప్పుడు. చూస్తే దేవ్యా చెల్లె అనిత. పుణె దిక్కు బిల్డింగు పనికి పోయింది. మేస్త్రీ తోలకపోతే ఇన్ని దినాలు ఇడిపించుకోలేక పోయింది. రైలు దిగి సక్కగ ఈడికే వచ్చింది.

అన్న మెడ చుట్టు చేతులేసి, తల వాని భుజం మీద పెట్టి మొదలుపెట్టింది.

"మార్ భియ్యా... ఏ మార్ భియ్యా..."

మార్ భియ్యా అంటే నా అన్నా అని. తండాలు తిరిగినోనికి ఈ ఏడుపు ఎరుకే. లంబాడ ఆడివాళ్ళు చాన్నాళ్ళకు సొంత మనిషిని కలిస్తే మెడ పట్టుకొని రాగం తీసి ఏడుస్తరు. పోయినప్పటిసంది పడ్డ కష్టం, చచ్చినోళ్ళ పేర్లు, పుట్టినోళ్ళ పేర్లు, నువ్వు గుర్తొచ్చిన తావు, అన్నీ ఆ ఏడుపులనే చెప్తరు. ఇది చావు ఏడుపు కాదు, కలిసిన ఏడుపు. నీళ్ళు తాగనీకి ఆగుతరు, మళ్ళ అందుకుంటరు. ఇడిసిపెట్టుడు మాత్రం వాళ్ళ చేతుల ఉండదు. ఆ మగమనిషి తల మీద చెయ్యి పెట్టి, ఇగ చాలు బిడ్డా అనాలె. అప్పటిదాకా ఆ ఏడుపు అయిపోయినట్టు కాదు.

ఇదంత నాకెరుక, జైసింగ్‌కెరుక. కింద కౌంటర్ కాడున్నోనికేం ఎరుక? పైకెల్లి ఏడుపు ఇనవడంగనే వాడు కర్తవ్యం మరువలే. శవం బండికి ఫోన్ కొట్టిండు. అదే చేత్తోని వెంకట్రాంకు కొట్టిండు.

వెంకట్రాం తొవ్వలున్నడు. పూలదుకాణం కాడ కారు ఆపి, ఆడికెల్లి ఉరికొచ్చిండు. చేతుల గులాబీ దండ, మొకం మీద అప్పుడే పూసుకొచ్చిన దుఃఖం. సీదా లోపటికొచ్చి దేవ్యా పాదాల మీద దండ పెట్టి చేతులు జోడించిండు.

"అవ్వా, ఏడువకు. చచ్చేది శరీరమే. ఆత్మకు చావు లేదు. నీ కొడుకు యాడికీ పోలేదు."

సుక్కి ఆయన మొకం చూసింది. "యాడికి పోతడు నాయినా? మంచం మీదనే ఉన్నడు."

"అంటే... ఈడనే, మన చుట్టూనే, విశ్వంల..."

"విశ్వంల ఎందుకుంటడు? మూత్రం సంచి మార్చిన ఇప్పుడే."

అప్పుడే ఆటో దిగి జగపతి సారు మెట్లెక్కుతున్నడు. ఏడుపు ఇన్నడు, లోపట దండ చూసిండు. అయిపోయిందనుకున్నడు. తలుపు కాడ నిలబడి గొంతు సవరించుకున్నడు. సారుకు చావు కాడ చెప్పే ప్రసంగం ఒకటున్నది, జిల్లాల మాకందరికి నోటికొస్తది.

"మిత్రులారా! చనిపోయిన మనిషికి మనమిచ్చే నిజమైన గౌరవం ఆ దేహాన్ని విజ్ఞానానికి అప్పగించడం. మట్టిల కలిసే బదులు దేవ్యా వైద్య కళాశాలకు పోతే..."

"కాలేజీకా?" అన్నది సుక్కి. "సారూ, వాడు ఏడో తరగతి ఫెయిలు."

జైసింగ్ ఆగలేక కిటికీ దిక్కు తిరిగి నోట్లె తువ్వాల కుక్కుకున్నడు. భుజాలు ఎగురుతున్నై. ఏడుస్తున్నడనుకొని వెంకట్రాం పోయి వీపు నిమిరిండు.

అప్పుడు దేవ్యా దగ్గిండు.

మామూలు దగ్గే. ముక్కు పైపున్నోళ్ళందరు దగ్గుతరు. కాని సచ్చినోడు దగ్గితే ఎట్లుంటది? వెంకట్రాం ఎగిరి రెండడుగులు అవతల పడ్డడు. ఆత్మకు చావు లేదని అంతకుముందే చెప్పిన మనిషి, అది నిజమైతదని మాత్రం అనుకోలే. సారు ప్రసంగం వైద్య కళాశాల గేటు కాడనే ఆగింది.

నేను తీరువాటంగ చెప్పిన. ఇది కలిసిన ఏడుపు సారూ, చెల్లె వచ్చింది అని. వెంకట్రాం మెల్లగ దండ వెనకకు గుంజుకొని గోడ మీదున్న దేవుని ఫోటోకేసిండు. తెచ్చిన దండ ఎవలకో ఒకలకు పడాలె కదా. కింద శవం బండోడు హారన్ కొడ్తనే ఉన్నడు.

ఇంతల డాక్టర్ విక్రమ్ వచ్చిండు. పిలగాడే, మంచోడే, అలసిపోయి ఉంటడెప్పుడు.

"ఏందమ్మా ఈ గోల? వేరే పేషంట్లు ఉన్నరు. ఆపమనండి."

"మేం ఆపేది కాదు బిడ్డా" అన్నది సుక్కి. "వాడాపాలె."

"ఎవరు?"

"వాళ్ళన్న." కొడుకును చూపెట్టింది.

డాక్టర్ నా దిక్కు చూసిండు. నేను ముచ్చటంత మళ్ళ చెప్పిన. తల మీద చెయ్యి పెట్టాలె, అప్పుడే ఆగుతది. ఆయన కండ్లద్దాలు తీసి మొకం రుద్దుకున్నడు. "లీడర్ గారూ, ఆయన చెయ్యి లేపలేడు. ఆయనకు చెల్లెలు వచ్చిందని కూడా తెలియదు. ఇట్లయితే ఈమె జీవితమంతా ఏడవాలి."

"ఏడుస్తది" అన్నది సుక్కి.

గప్పుడు నా బుర్రల ఒక ఆలోచన మెరిసింది. ఉద్యమంల పండినోని బుర్ర కదా, మెరిస్తే వంకరగనే మెరుస్తది. సుక్కిని పక్కకు గుంజి చెవుల చెప్పిన: "అవ్వా, ఎవలు చూడనప్పుడు వాని చెయ్యెత్తి పిల్ల తల మీద పెట్టు. నేను, జైసింగ్ చూసినమని ఒట్టేస్తం. పిల్ల ఏడుపు ఆగుతది, మంచం నిలబడ్తది."

సుక్కి నన్ను చెప్పుతోని కొట్టినట్టు చూసింది.

"నేను పెడితే నేను పెట్టినట్టు. వాడు పెట్టినట్టెట్లయితది? పిల్లకు తెల్వదా, అన్న చెయ్యి ఏదో, యాడి చెయ్యి ఏదో?" యాడి అంటే తల్లి. "నువ్వు గింత పెద్ద లీడర్‌వి, గీ దొంగ బుద్ధేంది కొడుకా?"

ఈ మాట గట్టిగనే అన్నది. సారు ఇన్నడు. ఎన్నడు లేనిది నా మొకం నేలకు తిరిగింది. సారు మాత్రం నా దిక్కు చూస్తలేడు. సుక్కినే చూస్తున్నడు. మెల్లగ పోయి, స్టూలు గుంజుకొని మంచం కాడ కూసున్నడు.

"సంతకం పెడ్దామా సార్?" అన్నడు వెంకట్రాం. "నాకు ఇంకో ప్రోగ్రామున్నది. ధ్యానం క్లాసు."

"ఆగు" అన్నడు సారు.

అనిత ఏడుస్తనే ఉన్నది. పుణెల ఇసుక మోసిన ముచ్చట, పక్క గుడిసె కాలిన ముచ్చట, అన్న కొనిచ్చిన గాజులు పగిలిన ముచ్చట. ఆమె ‘భియ్యా’ అన్నప్పుడల్ల సారు దేవ్యా చెయ్యినే చూస్తున్నడు. నేనూ చూసిన. పరుపు మీద బోర్ల పడున్న కుడిచెయ్యి. వేళ్ళు కదిలినై.

ఎంత కదిలినై అంటే, చీమ పాకితే మనం కదిలిస్తం చూడు, గంత. కాని పాకింది పక్కకు కాదు, పిల్ల తల దిక్కు.

"డాక్టర్ సాబ్, చూసినరా?"

"రిఫ్లెక్స్ సార్. కండరాలు అట్లా అంటుంటాయి."

సారు లేచిండు. అన్నం తినే స్టీలు ప్లేటు తీసుకొని మంచం ఇనుముకు ఖణేల్మని కొట్టిండు. మేమందరం ఉలిక్కిపడ్డం. దేవ్యా వేళ్ళు కదలలే. నర్సు ప్రియదర్శినిని పిలిచి, "అమ్మా, నువ్వు అన్నా అనుకుంట ఏడువు" అన్నడు. ఆ పిల్ల సిగ్గుపడుకుంట ‘అన్నా’ అన్నది, ఏడుపు రాక కిసుక్కున నవ్వింది. వేళ్ళు కదలలే. అనిత గుక్క తిప్పుకొని, నీళ్ళు తాగి మళ్ళ అందుకున్నది. కొద్దిసేపటికి వేళ్ళు కదిలినై. అదే దిక్కు.

ఇగ మళ్ళ కదలలే. ఎంతసేపు చూసినా కదలలే.

"ఆకలైతున్నట్టున్నది వానికి" అన్నది సుక్కి, అదేదో పెద్ద ముచ్చటే కానట్టు.

డాక్టర్ నిజాయితీగనే అన్నడు: "సార్, రెండుసార్లు కదిలిందని ఎరుక ఉన్నదని రాయలేం. నేను లేదనే రాస్తున్న."

"రిఫ్లెక్స్ అయితే ప్లేటుకెందుకు రాలే?"

"కాకతాళీయం కావచ్చు."

"కావచ్చు" అన్నడు సారు. "కాకపోవచ్చు."

వెంకట్రాం లేదని సంతకం కొట్టి కాయితం సారు ముంగట పెట్టిండు. నేను ఆగలేక పోయిన. "వెంకట్రాం సాబ్, జర ఒక్కమాట. ఫంక్షన్ హాల్ల బొగ్గుపెళ్ళల చైతన్యం కొట్టుకుంటున్నదంటివి. వీడియో అందరి ఫోన్లల్ల ఉన్నది. బొగ్గుకున్నది దేవ్యాకు లేదా?"

"లీడర్ సాబ్, ఆ చైతన్యం వేరు."

"ఏం వేరు?"

"అది... విశ్వచైతన్యం. మీకు అర్థం కాదు, సాధన చెయ్యాలె."

"సమజైందన్నా" అన్నడు జైసింగ్ కిటికీ కాడికెల్లి. "ఆ చైతన్యానికి మంచం ఖర్చు లేదు."

సారు ఇదంతా ఇంటలేడు. పెన్ను మూత తీసి రాసిండు. నేను తొంగి చూసిన. ‘ఉన్నది’ అని రాస్తడని నా ఆశ. సారు రాసింది: ‘నాకు తెలియదు. ఇంకా చూడాలి.’

"తెలియదా?" వెంకట్రాం మొకం ఎర్రగైంది. "తెలియదని రాసేదానికి మీరెందుకు సార్? నా డ్రైవర్‌ను పెట్టుకుంటే వాడే రాసేటోడు."

నాకూ మండింది. "సారూ, గింత చూసినంక గూడ తెల్వదంటరా? ఉన్నదని రాస్తే చెయ్యి ఇరుగుతదా?"

"నేను చూసింది వేళ్ళురా. వాని లోపట నేను లేను."

అప్పుడు నాకు ఒప్పందం గుర్తొచ్చింది. ముగ్గురు ఒక్కమాట మీద ‘లేదు’ అంటేనే మంచం పోతది. ఒక్కడు తెల్వదన్నా మంచం ఉంటది. నలభై ఏండ్లసంది లేదు, లేదు, లేదు అని గొంతు చించుకున్న మనిషి, ఒక్కసారి తెల్వదన్నడు. మా ధర్నా చెయ్యని పని ఆ ముక్క చేసింది. కింద శవం బండి ఖాళీగ పోయింది.

వెంకట్రాం పోయినంక సారు బయట బల్ల మీద కూసున్నడు. నేను చాయ తెచ్చిన. లోపటికెల్లి అనిత గొంతు ఇనొస్తనే ఉన్నది, బొంగురు పోయింది.

"మిల్లు చప్పుడు ఇనబడకుంటే బందయిందన్న" అన్నడు సారు. "తాళం తీసి లోపటికి పోయి చూసిననా? రోడ్డు మీద నిలబడి చెప్పిన."

"మరి ఆత్మ ఉన్నదంటరా సారూ? వెంకట్రాం సదస్సుల మీకు శాలువ కప్పిస్తడు."

"నోరు మూసుకో." చాయ ఊదుకున్నడు. "పదార్థం ముందు, చైతన్యం తర్వాత. ఇప్పటికీ గదే అంట. కాని తర్వాత అంటే తక్కువ అని నీకు నేను చెప్పిన్నా ఎన్నడన్న?"

"చెప్పలే. కాని మీరు గట్లనే అన్నట్టు ఇన్నం మేం."

సారు చాయ గిలాస బల్ల మీద పెట్టిండు. తర్వాత అన్నడు: "కమల పోయిన్నాడు ఎవల్ని ఏడువనియ్యలేరా." కమల ఆయన భార్య. దేహదానం చేసినం, నేను అంబులెన్సు కాడ నినాదాలు ఇచ్చిన. "వాళ్ళ అక్కచెల్లెండ్లు వచ్చి ఏడువబోతే మూఢనమ్మకం అని బయటకు పంపిన. ఏడుపు మూఢనమ్మకమెట్లయితది?"

"నాకేమెరుక సారూ. మీరే కదా చెప్పాలె."

"తెల్వదు" అన్నడు. రెండోసారి అన్నడు ఆ మాట. మొదటిసారికంటే సులువుగ వచ్చింది నోట్లెకెల్లి.

అటెనుక ముచ్చట చిన్నది. అనిత పుణె పోలే. పొద్దుగాల వస్తది, అన్న మెడ పట్టుకుంటది, నిన్న యాడ ఆపిందో ఆడికెల్లి అందుకుంటది. దవాఖానోళ్ళు మొదట లొల్లి పెట్టిండ్రు. తర్వాత రూల్ పెట్టిండ్రు: డాక్టర్ రౌండ్లు అయినంక, అన్నాలకు ముందు, గప్పుడే ఏడువాలె. తలుపుకు చీటి సుత అంటించిండ్రు. పక్క రూముల మోకాలు ఆపరేషన్ అయిన ముసలామె మొదట తిట్టింది. ఒకనాడు అనిత లేటైతే, "ఏమే, పిల్ల ఇంక రాలే? రేడియో పెట్టనట్టే ఉన్నది" అని మనిషిని పంపింది.

సారు తీరినప్పుడల్ల జనగామల రైలెక్కి వస్తున్నడు. స్టూలు మీద కూసొని వేళ్ళు చూస్తడు. ఏం రాసుకోడు. సుక్కి ఊకె కూసున్నోన్ని చూసి ఓర్వదు కదా, దేవ్యాను పొర్లించేటప్పుడు ఓ పక్క పట్టుకొమ్మంటది. ఫిజిక్సు సారు నడుము పట్టుకొని లేపుతడు. వీపు పుండ్లు మానుతున్నై. వెంకట్రాం ఇంకో సదస్సు పెట్టిండు. ఈసారి నీళ్ళకు చైతన్యమట. కూలీలను తోలుకురమ్మంటే జైసింగ్ అడిగిండట, నీళ్ళు ఒక్కటే వస్తయా, బిర్యానీ గూడ ఉంటదా అని.

ఒకనాడు నేను గేటు కాడ మీటింగుల ఉన్న. సుక్కి నుంచి ఫోన్. ఆ ఏళకు ఎప్పుడు ఫోన్ వచ్చినా ఎనక అనిత ఏడుపు ఇనొస్తది. ఎన్నడు తప్పలే. ఆనాడు ఎనక చప్పుడు లేదు. ఒట్టి ఫ్యాను తిరుగుతున్నది.

ఏడుపు ఇని చావనుకున్నోళ్ళను చూసి నవ్విన మనిషిని నేను. చప్పుడు లేకుంటే నాకు మాత్రం ఏం గుర్తొస్తది?

"అవ్వా... ఏమైంది?"

"ఆగింది."

"ఏదవ్వా? ఏదాగింది?" మైకు ముంగట కూలీలందరు నా మొకమే చూస్తున్నరు.

"ఏడుపు, కొడుకా. ఇంకేంది? వాడు ఆపిండు. చెయ్యి పెట్టిండు పిల్ల తల మీద. పెట్టి తీసుకోలే ఇంకా. పిల్ల మెడ వంచుకొని అట్లనే కూసున్నది, లేవనంటున్నది. గంజి పొయ్యాలె, మందెయ్యాలె, నువ్వన్న జర చెప్పు."

జైసింగ్ నా చేతులకెల్లి ఫోన్ గుంజుకొని వాళ్ళ భాషల అరుస్తున్నడు.

డాక్టర్ ఏమంటడో నాకెరుక. చూడలేదంటడు. నిజమే, రూముల ఎవలు లేరు. కమిటీ లేదు, ప్లేటు లేదు, బ్యాటరీ లేదు. వెంకట్రాం ఏమంటడో గూడ ఎరుకే. తన ధ్యానం బలం అంటడు, వచ్చే సదస్సుల దేవ్యాను బొగ్గుపెళ్ళ పక్కన కూసోబెడ్తడు. ఇంకో ధర్నా తయారు చేసుకోవాలె.

పక్కనున్న కూలీ ఫోన్ అడుక్కొని సారుకు కొట్టిన. చెప్పిన. అవతలికెల్లి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"ఏ చెయ్యిరా?"

"ఆఁ?"

"ఎడమనా, కుడినా? మనం చూసింది కుడి. అడుగు, ఇప్పుడే అడుగు. నేను స్టేషన్‌కు పోతున్న."

జైసింగ్ దగ్గర ఫోన్ తీసుకొని సుక్కిని అడిగిన.

"ఏందీ?" అన్నది. "ఆడిబిడ్డ తల మీద ఎడమచెయ్యి పెడ్తరా ఎవలన్న? మీ సారుకు గంత మర్యాద గూడ తెల్వదా? రమ్మను, నేను చెప్త. వచ్చేటప్పుడు మెత్తటి తువ్వాలొకటి తెమ్మను, పాతది చినిగింది."